రైజెన్ 7800ఎక్స్3డీ: వేగానికి తిరుగులేదు, వోల్టేజీని మాత్రం పెంచకండి

ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం కంప్యూటర్ కట్టించుకుంటున్నాను, ఏ ప్రాసెసర్ తీసుకోమంటారు అని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెప్పే పేరు ఏఎమ్‌డీ రైజెన్ 7 7800ఎక్స్3డీ. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెబుతాను. కొన్న తరువాత దీన్ని ఓవర్‌క్లాక్ చేయించకండి, అంటే కంపెనీ పెట్టిన హద్దు దాటి వేగం పెంచించకండి, కొట్టువాడు ఉచితంగా చేసిపెడతానన్నా వద్దనండి. ఈ రెండో మాటకు చాలామంది మొహం చిట్లిస్తారు. కారణాలు వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నా ఉద్యోగమంతా థర్మల్ విద్యుత్ కేంద్రంలో ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్‌గేర్ల మధ్యే గడిచింది. రిటైరయ్యాక విజయవాడలో ఉంటూ తీరిక వేళల్లో విమానాలు నడుపుతున్నాను, కంప్యూటర్ తెర మీద. హైదరాబాద్ నుంచి బయల్దేరి, ప్రకాశం బ్యారేజీ దాటి గన్నవరం రన్‌వే 08 మీద దిగడం నాకు ఇష్టమైన ప్రయాణం. పాత రైజెన్ 5 3600తో గన్నవరం వరకు ఇబ్బంది ఉండేది కాదు కానీ ముంబయి, హీత్రో లాంటి పెద్ద విమానాశ్రయాలలో దిగేటప్పుడు బొమ్మ తెగి తెగి వచ్చేది. నేల దగ్గరపడి, చెయ్యి నిలకడగా ఉండవలసిన చోటే తెర తడబడేది. గ్రాఫిక్స్ కార్డు మార్చినా ఫలితం లేదు. ఎందుకంటే ఈ సిమ్యులేటర్‌లో పని భారం ఎక్కువగా ప్రాసెసర్‌లోని ఒకే ఒక్క కోర్ (లెక్కలు చేసే విభాగం) మీద పడుతుంది. ఆ కోర్‌కు కావలసిన సమాచారం సమయానికి అందకపోతే ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అది ఎదురుచూస్తూ కూర్చోవలసిందే.

7800ఎక్స్3డీ సరిగ్గా ఈ లోటునే తీరుస్తుంది. 2023 ఏప్రిల్‌లో 449 డాలర్ల ధరతో విడుదలైంది. నాకు ఇక్కడ నలభై వేలు దాటింది. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు, గరిష్ఠ వేగం 5 గిగాహెర్ట్జ్. ఈ అంకెలు చూసి ఇందులో గొప్పేముంది అనుకోవద్దు. దీని బలమంతా క్యాష్ మెమరీలో, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమరీలో ఉంది. మామూలుగా చిప్‌లో ఉండే 32 మెగాబైట్ల ఎల్3 క్యాష్ మీద ఇంకో 64 మెగాబైట్ల పలకను నిలువుగా అతికించారు. మొత్తం 96 మెగాబైట్లు. సిమ్యులేటర్ మాటిమాటికీ అడిగే సమాచారం ర్యామ్ దాకా పోకుండా చేతికందే దూరంలోనే ఉంటుంది. హీత్రోలో సెకనుకు ముప్పైకి అటూఇటూ ఊగే ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) ఇప్పుడు యాభై దగ్గర స్థిరంగా ఉంటున్నాయి. నాకు ఆ యాభై కన్నా స్థిరత్వమే ముఖ్యం. పైగా సిమ్యులేటర్ నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్ తీసుకునేది 50, 60 వాట్లే. ఇంత తక్కువ కరెంటుతో ఇంత పని చేసే యంత్రాన్ని చూస్తే నాలాంటివాడికి గౌరవం కలుగుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ క్యాష్ పలకే ఈ చిప్‌కు బలం, అదే సుకుమారం కూడా. కోర్ల నుంచి పుట్టిన వేడి ఆ పై పొరను దాటుకుని మూతకు, అక్కడి నుంచి కూలర్‌కు చేరాలి. అందుకే 3డీ క్యాష్ లేని రైజెన్ 7000 చిప్‌లకు 95 డిగ్రీల వరకు అనుమతి ఉంటే దీనికి 89 డిగ్రీలే హద్దు. వోల్టేజీ విషయంలోనూ కోర్లకు ఇచ్చిన స్వేచ్ఛ తక్కువ. ఏఎమ్‌డీ గుణకానికి, అంటే మూల గడియారపు వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకెకు, తాళం వేసేసింది. అంటే 50 ఉన్న చోట 53 అని రాసి వేగం పెంచుకునే పాత పద్ధతి ఇందులో కుదరదు. దీనికి ముందు 2022లో వచ్చిన 5800ఎక్స్3డీలో కూడా ఇదే ఏర్పాటు. కంపెనీ కావాలని పిసినారితనం చూపిందని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పైన ఇంకో పలక మోస్తున్న చిప్‌కు ఎంత తట్టుకునే శక్తి ఉందో తయారు చేసినవాళ్లకు తెలుసు, తెలిసే తాళం వేశారు.

అయితే పక్క దారులు కొన్ని మిగిలాయి. విద్యుత్తు హద్దులు సడలించే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ ఉంది, వోల్టేజీని సర్దే కర్వ్ ఆప్టిమైజర్ ఉంది. కొన్ని ఖరీదైన బోర్డులలో మూల గడియారాన్నే వంద మెగాహెర్ట్జ్ నుంచి పైకి జరపవచ్చు. అన్నిటికన్నా ఎక్కువమంది వాడేది, అది ఓవర్‌క్లాకింగ్ అని తెలియకుండానే వాడేది, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌పో. ఈ ప్రాసెసర్‌కు అధికారికంగా చెప్పిన ర్యామ్ వేగం డీడీఆర్5 5200. మార్కెట్లో అందరూ అమ్మేది 6000. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) ఎక్స్‌పో అన్న గడి ఒక్కటి నొక్కితే ఆ వేగం వచ్చేస్తుంది. ప్రమాదం ఎక్కువగా ఈ దారిలోనే వచ్చింది.

సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చినప్పుడు ఈ యంత్రం ముందు కూర్చున్నాడు. వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కంప్యూటర్లు విప్పి బిగించడంలో మంచి చెయ్యి.

“మామయ్యా, ర్యామ్ 6000 దగ్గరే ఆపేశారేమిటి? ఇది 6400 దాకా పోతుంది. ఎస్‌ఓసీ వోల్టేజీ కాస్త పెంచితే చాలు” అన్నాడు.

“కాస్త అంటే ఎంత?”

“1.35 పెడదాం.”

బయోస్‌లోకి వెళ్లి ఆ గడిలో 1.35 అని కొట్టాడు. ఎంటర్ నొక్కగానే అంకె దానంతట అదే 1.300 అయి కూర్చుంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ 1.300. “కొత్త బయోస్ మామయ్యా, అందుకే ఆపుతోంది. పాత వెర్షన్ వేస్తే తీసుకుంటుంది” అంటూ ఫోను తీసి బోర్డు కంపెనీ సైటు వెతకడం మొదలుపెట్టాడు. నేను వాడి చేతిలోంచి కీబోర్డు తీసుకుని, ఆ హద్దు ఎందుకు పెట్టారో తెలుసా అని అడిగాను. వాడికి తెలియదు. నిన్నమొన్న ఈ ప్రాసెసర్ కొన్న చాలామందికి కూడా తెలియదు.

2023 ఏప్రిల్‌లో, అంటే ఈ చిప్ విడుదలైన నెలలోనే, దీని అడుగుభాగం కాలి ఉబ్బిపోయిన ఫొటోలు వరసగా బయటికి వచ్చాయి. ప్రాసెసర్ ఎక్కడ ఉబ్బిందో మదర్‌బోర్డు సాకెట్ సరిగ్గా అక్కడే మాడింది. 3డీ క్యాష్ లేని 7000 చిప్‌లకు కూడా అక్కడక్కడా ఇదే గతి పట్టింది. ఆ చిప్‌లు వాడినవాళ్లలో చాలామంది ఓవర్‌క్లాకింగ్ పిచ్చి ఉన్నవారు కారు. ఎక్స్‌పో గడి నొక్కారు, అంతే. ఆ గడి నొక్కినప్పుడు ర్యామ్ నిలకడగా ఉండాలని కొన్ని బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజీని తమంతట తామే పైకి తోసేవి. ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు అందే విద్యుత్తు అది. ఏఎమ్‌డీ బోర్డు కంపెనీల చేత ఎస్‌ఓసీ వోల్టేజీ 1.3 దాటకుండా కట్టడి చేయించింది. అజీసా 1.0.0.7 అనే ఫర్మ్‌వేర్‌తో (బయోస్‌లో ఏఎమ్‌డీ ఇచ్చే భాగంతో) ఆ కట్టడి అందరికీ చేరింది. మా మేనల్లుడు తప్పించుకుందామని చూసిన 1.300 అంకె అదే.

అలాంటి చిప్ ఒకటి నేను చేత్తో పట్టుకుని చూశాను. ఊళ్లో ఒక రిపేరు దుకాణంలో, ఎవరో ఇచ్చి వెళ్లిన యంత్రంలోది. ఏ కంపెనీ బోర్డో ఇక్కడ అనవసరం. పైనుంచి చూస్తే మూత మీద చిన్న మరక కూడా లేదు, థర్మల్ పేస్టు ఇంకా మెత్తగానే ఉంది. తిప్పి చూస్తే బంగారు రంగు చుక్కల వరసల మధ్యలో బొటనవేలి గోరంత మేర గోధుమ రంగు. ట్యూబ్‌లైటు వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే అక్కడ చిప్ అడుగు కొద్దిగా పైకి లేచినట్టు తెలిసింది. సాకెట్‌లో అదే చోట సన్నని స్ప్రింగు పిన్నులు నాలుగైదు నల్లబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి, చుట్టూ ప్లాస్టిక్ కరిగింది. కాలిన ఇన్సులేషన్ వాసన నాకు బాగా అలవాటు. ముక్కు దగ్గర పెట్టుకోగానే గుర్తుపట్టాను.

ఉష్ణోగ్రత చూసుకుంటే చాలు, 80 దాటలేదు కాబట్టి క్షేమం అనుకునేవారికి నేను చెప్పదలచుకున్నది ఇదే. నేటి ప్రాసెసర్‌కు వేడి నుంచి కాపలా ఉంది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సమీక్షల వెబ్‌సైటు వారు నడుస్తున్న ప్రాసెసర్ల మీది కూలర్ ఊడబీకి వీడియో తీశారు. ఇంటెల్ పెంటియమ్ 4 నెమ్మదించి బతికింది, ఏఎమ్‌డీ అథ్లాన్ పొగలు కక్కింది. ఇప్పుడు అలా జరగదు. హద్దు తగలగానే చిప్ తన వేగం తనే తగ్గించుకుంటుంది, మరీ మించితే యంత్రాన్ని ఆపేస్తుంది. కానీ వోల్టేజీ విషయంలో అలాంటి నమ్మకమైన కాపలా లేదు. గడిలో మనం రాసిన అంకెను, లేదా మనకు చెప్పకుండా బోర్డు రాసుకున్న అంకెను చిప్ మోస్తుంది. మోయలేక అరిచే అలారం ఏదీ లేదు. తెర మీద ఉష్ణోగ్రత అంకె ఆకుపచ్చగానే ఉంటుంది.

వోల్టేజీ ఎందుకు పెంచుతారో, పెంచితే లోపల ఏం జరుగుతుందో కాస్త ఓపికగా చూడండి. ట్రాన్సిస్టర్ వేగంగా తెరుచుకుని మూసుకోవాలంటే దాన్ని గట్టిగా తొయ్యాలి, ఆ తోపుడే వోల్టేజీ. ఖర్చయ్యే విద్యుత్తు వేగంతో పాటు సమానంగా పెరుగుతుంది కానీ వోల్టేజీతో వర్గంలో పెరుగుతుంది. 1.1 వోల్టుల దగ్గర నడిచే చిప్‌ను 1.3కు తోస్తే, వేగం మార్చకపోయినా విద్యుత్తు దాదాపు 40 శాతం ఎక్కువ. ఆ తోపుడుతో 5 గిగాహెర్ట్జ్ 5.3 అయిందనుకోండి, దక్కిన లాభం ఆరు శాతం. ఆ ఆరు శాతం కోసం నానోమీటర్ల వెడల్పున్న రాగి తీగల్లో కరెంటు సాంద్రత పెరుగుతుంది. ఎలక్ట్రాన్ల ఒరవడికి రాగి పరమాణువులు ఒక్కొక్కటే కొట్టుకుపోతాయి. ఒకచోట గుంట పడుతుంది, ఇంకోచోట మెట్ట లేస్తుంది. ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు దీన్ని. మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1960లలోనే దీనికి సూత్రం కట్టాడు. కరెంటు సాంద్రత పెరిగినకొద్దీ, వేడి పెరిగినకొద్దీ తీగ ఆయుష్షు వేగంగా తరిగిపోతుందని ఆ సూత్రం చెబుతుంది. ఇక ట్రాన్సిస్టర్ గేటు కింద ఉండే ఇన్సులేషన్ పొర మందం కొద్ది నానోమీటర్లు మాత్రమే. దానిలో లోపాలు ఒక్కొక్కటిగా పోగుపడి ఒకనాటికి దారి ఏర్పడుతుంది. రెండూ వెనక్కి తిరగని మార్పులే.

మా కేంద్రంలో ఓవర్‌లోడ్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్ ఆ రోజే పేలిపోయేది కాదు. లోపల వైండింగుకు చుట్టిన మామూలు కాగితం సంగతి లోడింగ్ నిబంధనల్లో స్పష్టంగా ఉంటుంది, వేడి ప్రతి 6 డిగ్రీలు పెరిగితే వయసు తరిగే వేగం రెట్టింపు. యంత్రం గుర్రుమంటూ పనిచేస్తూనే ఉంటుంది, నూనెలో కాగితం మాత్రం పెళుసైపోతుంది. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్ కూడా అలాగే వయసు ఖర్చు పెడుతుంది. ‘రెండేళ్లుగా చేస్తున్నాను, ఏమీ కాలేదు’ అన్నవారి మాట నేను కాదనను, కానీ దాన్ని రుజువుగా తీసుకోలేను. వారి చిప్‌లో ఎంత మిగిలిందో వారికీ తెలియదు. తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. పోయిన ఏడాది నిలకడగా ఉన్న సెట్టింగే ఇప్పుడు తప్పులు ఇవ్వడం, సిమ్యులేటర్ ఏ కారణమూ చెప్పకుండా మూసుకుపోవడం, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ప్రాసెసర్ హార్డ్‌వేర్ లోపాలు నమోదు కావడం. అప్పుడు చాలామంది చేసే పని వోల్టేజీ ఇంకాస్త పెంచడం. చిప్ త్వరగా ముగిసిపోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

లోడ్‌లైన్ కాలిబ్రేషన్ అనే గడి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది పేరుకు సాధువుగా కనిపిస్తుంది. పని భారం పడ్డప్పుడు వోల్టేజీ కొంచెం కుంగడం సహజం, ఆ కుంగుబాటుకు చోటు వదిలే రూపకల్పన చేస్తారు. కుంగకూడదని ఈ గడిని అన్నిటికన్నా గట్టి మెట్టు మీద పెడితే, భారం ఒక్కసారిగా తీసేసిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగిరిపడుతుంది. అది మైక్రోసెకన్ల వ్యవహారం. మనం చూసే హెచ్‌డబ్ల్యుఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్ సెకనుకోసారి, రెండు సెకన్లకోసారి చదువుతుంది కనుక ఆ ఎగురు దాని కంట పడదు. వోల్టేజీ మార్పులను గీతగా చూపే ఆసిలోస్కోప్ పెడితేనే పడుతుంది.

వోల్టేజీ ఎంత నిశ్శబ్దంగా పని పాడుచేస్తుందో చెప్పడానికి ఇంటెల్ 13, 14 తరాల ఉదంతం చాలు. 14900కే లాంటి చిప్‌లు ఫ్యాక్టరీ నుంచే 6 గిగాహెర్ట్జ్‌తో వచ్చాయి. అంటే ఒకప్పుడు మనం ఇంట్లో చేసుకున్న ఓవర్‌క్లాకింగ్ ఇప్పుడు తయారీదారే చేసి అమ్ముతున్నాడు. కార్డులో మెమరీ పుష్కలంగా ఉన్నా ‘వీడియో మెమరీ చాలలేదు’ అంటూ ఆటలు ఆగిపోయేవి. జనం గ్రాఫిక్స్ కార్డులను అనుమానించారు. చివరికి 2024 జులైలో ఇంటెల్ కారణం చెప్పింది. చిప్‌లోని మైక్రోకోడ్ (చిప్‌ను లోపలి నుంచి నడిపే ఆదేశాలు) అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని. ఆగస్టులో వచ్చిన సవరణ ఆ కోరికను 1.55 వోల్టుల దగ్గర ఆపింది. సెప్టెంబరులో వివరంగా చెప్పిన దాని ప్రకారం కోర్‌లోని క్లాక్ సర్క్యూటు ఎక్కువ వోల్టేజీకి, వేడికి ముందే ముసలిదవుతోంది. వారంటీని రెండేళ్లు పొడిగించారు. అది మెచ్చుకోవాలి. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ సవరణా బాగుచేయలేదని వాళ్లే ఒప్పుకున్నారు. ఏ అంకే మార్చనివారి చిప్‌లు కూడా అందులో ఉన్నాయి. తయారీదారుడికే అంచు దొరకనప్పుడు, మన టేబుల్ మీద ఒక సాయంత్రం కూర్చుని ఆ అంచు వెతకడం సాహసం.

మరి నేను ఏం చేశాను? ర్యామ్ 6000 దగ్గర ఎక్స్‌పో పెట్టాను. వెంటనే ఎస్‌ఓసీ వోల్టేజీని ఆటో నుంచి తీసి 1.2 అని చేత్తో రాశాను. నా ర్యామ్ జత అక్కడే నిలకడగా ఉంది. మీ జతకు కొంచెం ఎక్కువ కావలసి రావచ్చు, 1.25 లోపల నిలబడకపోతే ర్యామ్ వేగమే తగ్గించుకోవడం మేలు. కర్వ్ ఆప్టిమైజర్‌ను అన్ని కోర్లకూ మైనస్ 20 దగ్గర పెట్టాను. దీని పని వేగం పెంచడం కాదు, అదే వేగానికి తక్కువ వోల్టేజీ అడిగేలా చేయడం. ప్రాసెసర్ సత్తా కొలిచే సినీబెంచ్ నడిపితే ఇంతకు ముందు 85 దగ్గర తచ్చాడిన ఉష్ణోగ్రత ఇప్పుడు 77 దగ్గర నిలుస్తోంది, స్కోరు తగ్గలేదు సరికదా కాస్త పెరిగింది. మా ఊరి మే నెలలో, ఏసీ లేని మధ్యాహ్నం గది 38 డిగ్రీలున్నప్పుడు ఈ ఎనిమిది డిగ్రీలు చాలా పెద్ద విషయం. చలిదేశాల్లో 22 డిగ్రీల గదిలో చేసిన సమీక్షలు చూసి మనవాళ్లు సెట్టింగులు ఎక్కించుకోవడం నాకు బొత్తిగా నచ్చదు. అక్కడి గాలికీ ఇక్కడి గాలికీ ఉన్న తేడా మొత్తం చిప్ మీదే పడుతుంది. మైనస్ 30 పెట్టమని చాలామంది చెబుతారు. నా చిప్ దాన్ని రోజంతా మోయలేదు, రాత్రంతా ఒక్కో కోర్‌ను పరీక్షించే కోర్‌సైక్లర్ నడిపితే ఒక కోర్ తప్పు చూపించింది, వెనక్కి వచ్చాను. వోల్టేజీ తగ్గిస్తే జరిగే నష్టం అంతే, యంత్రం ఆగుతుంది, మళ్లీ వెలిగించుకుంటాం. పెంచితే జరిగే నష్టం వేరు.

వారంటీ గురించి కొట్టుల్లో చెప్పని విషయం ఒకటుంది. ఏఎమ్‌డీ నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంది, ప్రకటించిన హద్దులు దాటి వేగం గానీ వోల్టేజీ గానీ మారిస్తే, అది తమ సొంత సాధనాలతోనే చేసినా సరే, వారంటీ చెల్లదు. ఎక్స్‌పో కూడా ఆ లెక్కలోకే వస్తుంది, నేను చేసిన వోల్టేజీ తగ్గింపు కూడా వస్తుంది. పెట్టె మీద ఎక్స్‌పో అని గొప్పగా ముద్రించి, లోపల సన్నని అక్షరాల్లో బాధ్యత వదులుకోవడం సరైన పద్ధతి కాదు. ఈ ప్రాసెసర్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. మూడేళ్ల వారంటీ పూర్తిగా కావాలనుకునేవారు 5200 దగ్గరే ఉండండి. పెద్ద క్యాష్ పుణ్యమా అని ర్యామ్ వేగం తగ్గినా ఈ చిప్ మిగతావాటంతగా నష్టపోదు.

మిగతా లోపాలు చిన్నవి. వీడియో ఎడిటింగ్, త్రీడీ రెండరింగ్ చేసేవారికి ఈ డబ్బుతో ఎక్కువ కోర్లున్న చిప్‌లు దొరుకుతాయి, వాళ్లు ఇటు రానక్కరలేదు. మొదటిసారి వెలిగించినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి తెర చాలాసేపు నల్లగా ఉంటుంది. కంగారుపడి మీట నొక్కేయకండి. 2024 నవంబరులో 9800ఎక్స్3డీ వచ్చింది. అందులో క్యాష్ పలకను కోర్ల కిందికి మార్చారు, వేడి నేరుగా మూతకు చేరుతుంది, అందుకని గుణకానికి తాళం కూడా తీసేశారు. తెలివైన మార్పు. తాళం తీశారు కదా అని అందులోనూ వోల్టేజీ పెంచమని మాత్రం నేను చెప్పను.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ప్రాసెసర్‌తో పాటు బోర్డు పాత స్టాకులోది అంటగట్టే అవకాశం ఉంది. బిల్లు కట్టకముందే యంత్రం వెలిగించి బయోస్ మొదటి పేజీ చూపించమనండి. అజీసా వెర్షన్ 1.0.0.7 కన్నా పాతదైతే కొట్టులోనే కొత్తది ఎక్కించుకోండి. తరువాత ఎక్స్‌పో పెట్టించి ఎస్‌ఓసీ వోల్టేజీ ఎంత చూపుతోందో మీ కళ్లతో చూసి, అది 1.3 లోపల ఉంటేనే పెట్టె ఇంటికి తెచ్చుకోండి.